సిమ్ కొత్తదే.. నంబర్ మాత్రం సెకండ్ హ్యాండ్! ఆ సంగతి మనకి ఎందుకు చెప్పరు?

రివ్యూలు రాసేవాళ్లకి రెండో సిమ్ తప్పనిసరి. డ్యూయల్ సిమ్, కాల్ క్వాలిటీ, ఈసిమ్ ఇవన్నీ టెస్ట్ చేయాలంటే మన సొంత నంబర్‌ని ప్రతి ఫోన్‌లో వేసి తిప్పలేం కదా. అందుకే ఆమధ్య ఓ కొత్త ప్రీపెయిడ్ కనెక్షన్ తీసుకున్నా. సీల్ తీయని ప్యాకెట్, మెరిసిపోయే సిమ్ కార్డు. యాక్టివేట్ అయిన అరగంటకే మొదటి మెసేజ్ వచ్చింది: ఎవరిదో బ్యాంకు అకౌంట్‌లో డబ్బు జమైందట. మర్నాడు చిట్టీ వాయిదా కట్టమని ఇంకోటి. ఆ తర్వాత ఓ షాపింగ్ యాప్‌లో ఈ నంబర్‌తో అకౌంట్ తెరుద్దామని ఓటీపీ కొడితే, నేరుగా వేరే ఎవరి అకౌంట్‌లోకో వెళ్లిపోయా. పేరు, ఇంటి అడ్రస్, పాత ఆర్డర్లు అన్నీ కళ్ల ముందున్నాయి. కంగారుగా లాగౌట్ చేసేశా.

నాలుగో రోజు పొద్దున్నే ఒక కాల్. "ఎట్లున్నవ్ బిడ్డా? తిన్నవా?" అని ఓ పెద్దావిడ గొంతు. నంబర్ మారిందమ్మా, ఇప్పుడిది నాకు ఇచ్చారు అన్నా. "గదేంది, ఇది మా పిల్లగాని నంబరే గదా" అంది. విషయం ఏంటంటే, వాళ్లబ్బాయి పని కోసం దుబాయ్ వెళ్లాడు. ఇక్కడి సిమ్ రీచార్జ్ చేయలేదు. అది ఆగిపోయింది, కొన్నాళ్లకి నా దగ్గరికి వచ్చింది. ఆవిడ ఫోన్‌లో పాత నంబరూ, దుబాయ్ నంబరూ రెండూ ఉన్నాయి, పొరపాటున పాతది నొక్కింది. అంతవరకూ ఓకే. కానీ ఆ అబ్బాయి ఇంటికి పంపే డబ్బు పడే అకౌంట్‌కి ఇంకా ఈ నంబరే లింక్ అయి ఉంది!

ఇదే పని ఫోన్ల విషయంలో చేస్తే ఊరుకుంటామా? ఎవరో వాడిన ఫోన్‌ని తుడిచి, కొత్త బాక్సులో పెట్టి అమ్మితే కన్‌జ్యూమర్ కోర్టుకి వెళ్తాం. రీఫర్బిష్డ్ అయితే రీఫర్బిష్డ్ అని రాయాల్సిందే అంటాం. మరి నంబర్ విషయంలో ఆ ఒక్క ముక్క ఎందుకు చెప్పరు? నా వాదనంతా దీని గురించే.

అసలు మన నంబర్ మనదేనా?

కాదు. సూటిగా చెప్పాలంటే మనం అద్దెకున్నాం, అంతే. ఓనర్ ఎవరో తెలియాలంటే పై నుంచి కిందికి రావాలి.

అన్నిటికంటే పైన జెనీవాలో ఉన్న అంతర్జాతీయ టెలికాం సంస్థ ఐటీయూ ఉంటుంది. ఇ.164 అనే దాని ప్రమాణం ప్రకారం కంట్రీ కోడ్‌తో కలిపి ఏ ఫోన్ నంబరైనా 15 అంకెలు దాటకూడదు. దేశాలకి కోడ్‌లు ఇచ్చేది కూడా ఐటీయూనే. మనకి +91, పాకిస్తాన్‌కి +92, శ్రీలంకకి +94. అన్ని దేశాలకీ విడివిడి కోడ్ ఉండాలని రూలేం లేదు. +7ని రష్యా, కజకిస్తాన్ పంచుకుంటున్నాయి. +1 అంటే మనం అమెరికా అనేసుకుంటాం గానీ కెనడా, జమైకా లాంటి దేశాలు కూడా అందులోనే ఉన్నాయి.

కోడ్ తర్వాత వచ్చే అంకెలు ఎలా పంచుకోవాలన్నది ఆయా దేశాల ఇష్టం. మన దగ్గర ఆ పని టెలికాం శాఖది. దేశాన్ని 22 సర్కిళ్లుగా విడగొట్టి, ఒక్కో సర్కిల్‌లో ఒక్కో ఆపరేటర్‌కి సిరీస్‌లు కేటాయిస్తుంది. మొదటి 5 అంకెలు ఒక సిరీస్ అనుకుంటే, వెనక 1 లక్ష నంబర్లు వస్తాయి. అందుకే ఒకప్పుడు 9440 చూడగానే మన ఆంధ్రప్రదేశ్ బీఎస్ఎన్ఎల్ అని, 9448 అయితే కర్ణాటక అని చెప్పేసేవాళ్లం. రాష్ట్రం రెండైనా టెలికాం లెక్కల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఇప్పటికీ ఒకే సర్కిల్.

2011 జనవరిలో దేశమంతటా నంబర్ పోర్టబిలిటీ వచ్చాక ఆ గుర్తులు చెరిగిపోయాయి. కానీ లోపల లెక్క మాత్రం పోలేదు. మీరు పోర్ట్ చేసిన నంబర్‌ని ఎప్పుడైనా వదిలేస్తే, అది మీరు చివరగా వాడిన కంపెనీ దగ్గర ఉండదు. ఆ సిరీస్ మొదట ఎవరికి కేటాయించారో ఆ కంపెనీకే తిరిగి వెళ్తుంది. అంటే పుట్టింటికి వెళ్లినట్టన్నమాట. అక్కడి నుంచి మళ్లీ ఇంకొకరికి.

సో, ఐటీయూ దేశానికి ఇస్తుంది, దేశం కంపెనీకి ఇస్తుంది, కంపెనీ మనకి వాడుకోమని ఇస్తుంది. ఈ లైన్‌లో ఎక్కడా నంబర్ మన సొంతమయ్యే స్టెప్ లేదు.

తిప్పి తిప్పి ఎందుకు ఇస్తారు?

ఎందుకంటే ఫోన్ నంబర్‌ని మనిషి గుర్తింపు కోసం కనిపెట్టలేదు. కాల్ ఏ వైరుకి వెళ్లాలో ఎక్స్‌చేంజ్‌కి చెప్పడానికి కనిపెట్టారు.

అమెరికాలో 1947లో ఏటీ అండ్ టీ వేసిన ప్లాన్ చూడండి. మొదట 86 ఏరియా కోడ్‌లు పెట్టారు. న్యూయార్క్‌కి 212, లాస్ ఏంజెలిస్‌కి 213, షికాగోకి 312. అవి రోటరీ డయల్ రోజులు. 9 తిప్పితే డయల్ వెనక్కి రావడానికి చాలాసేపు పట్టేది, 2 తిప్పితే టక్కున వచ్చేది. అందుకే ఎక్కువ కాల్స్ వచ్చే పెద్ద ఊళ్లకి తొందరగా తిరిగే అంకెలు ఇచ్చారు. మన ఎస్టీడీ కోడ్‌లలోనూ పెద్ద ఊరికి చిన్న కోడ్ ఇచ్చారు. హైదరాబాద్‌కి 040, విజయవాడకి 0866. ఊరు పెద్దదైతే లోపల ఎక్కువ నంబర్లు కావాలి, కాబట్టి కోడ్ చిన్నదిగా ఉండాలి.

ఇలా వైర్ల కోసం వేసిన ప్లాన్‌లోకి సెల్‌ఫోన్లు వచ్చి పడ్డాయి. నంబర్లు చాలలేదు. అప్పుడు ఒక్కో దేశం ఒక్కో దారి వెతుక్కుంది. అమెరికాలో పాత కోడ్ మీదే కొత్త కోడ్ పరిచారు. మనవాళ్లు ఎక్కువగా ఉండే డాలస్‌లో ఇప్పుడు 214, 469, 972, 945 అనే నాలుగు కోడ్‌లు నడుస్తున్నాయి. బ్రిటన్‌లోనైతే అంకెలే మార్చారు. లండన్ వాళ్ల 01 అనే కోడ్ 1990లో 071, 081 అయింది, 1995లో 0171, 0181 అయింది, 2000లో మళ్లీ 020 అయింది. పదేళ్లలో మూడుసార్లు! షాపు బోర్డులు, లెటర్‌హెడ్‌లు, విజిటింగ్ కార్డులు ప్రతిసారీ కొత్తగా కొట్టించుకోవాల్సిందే. సింగపూర్ చిన్న దేశం కాబట్టి 8 అంకెలతో సరిపెట్టుకుంటోంది.

మన దగ్గర మొబైల్ నంబర్ 6, 7, 8, 9లలో ఒకదానితో మొదలవ్వాలి. పది అంకెల్లో లెక్కేస్తే కాగితం మీద 400 కోట్ల నంబర్లు. వాడకంలో ఉన్న కనెక్షన్లు 110 కోట్లకి పైనే. మిగిలినవి బోలెడు ఉన్నట్టే కనిపిస్తాయి గానీ, సర్కిల్‌కి ఇన్ని, ఆపరేటర్‌కి ఇన్ని అని ముక్కలు చేసి పంచాక చేతిలో మిగిలేది తక్కువ. యంత్రాలకి వాడే ఎం2ఎం సిమ్‌లకి 2018 నుంచి 13 అంకెల నంబర్లు ఇవ్వడం, 2021 జనవరి 15 నుంచి ల్యాండ్‌లైన్ నుంచి మొబైల్‌కి చేసేటప్పుడు ముందు 0 కొట్టమనడం.. ఇవన్నీ పది అంకెల్ని కాపాడుకునే ప్రయత్నాలే. 11 అంకెలకి వెళ్తే మీ ఫోన్‌లోని కాంటాక్టుల నుంచి బ్యాంకు సర్వర్ల దాకా అన్నీ మార్చాలి.

కాబట్టి వాడని నంబర్‌ని మళ్లీ ఇవ్వడం తప్పు అని నేను అనను. ఇవ్వకపోతే సిస్టమ్ నడవదు. చెప్పకుండా ఇవ్వడమే తప్పు.

90 రోజుల్లో ఎవరి జాడ చెరిగిపోతుంది?

మన దగ్గర రూల్ ఇది: ప్రీపెయిడ్ నంబర్‌ని 90 రోజుల పాటు అసలు వాడకపోతే ఆపరేటర్ ఆపేయొచ్చు. ఆపేశాక కనీసం 90 రోజులు దాన్ని పక్కన పెట్టి, ఆ తర్వాత ఇంకొకరికి ఇవ్వొచ్చు. 2025 ఫిబ్రవరిలో ట్రాయ్ ఇచ్చిన సిఫార్సుల్లో కూడా 90 రోజుల లోపు ఆపొద్దని, 365 రోజులు వాడకుండా పడి ఉంటే మాత్రం తప్పనిసరిగా ఆపేయాలని ఉంది. ఒక్కో నంబర్ ఎంత విలువైన సరుకో దీన్నిబట్టే అర్థమవుతుంది. అమెరికాలో ఈ పక్కన పెట్టే గడువు కనీసం 45 రోజులు. మామూలు కస్టమర్ల నంబర్లయితే 90 రోజులకి మించి దాచుకోకూడదని కూడా ఉంది.

ల్యాండ్‌లైన్ రోజుల్లో ఇది చాలా ఎక్కువ టైమే. పాత చుట్టాలు నాలుగు రాంగ్ కాల్స్ చేసి మానేసేవాళ్లు. ఇప్పుడు అలా కాదు. నంబర్ మీద బ్యాంకు, యూపీఐ, గ్యాస్, మెయిల్, వాట్సాప్, షాపింగ్ యాప్‌లు వేలాడుతున్నాయి. ఇవేవీ 90 రోజుల్లో వాటంతటవే ఊడిపోవు.

దీన్ని అమెరికాలో లెక్కగట్టి చూపించారు. 2021లో ప్రిన్స్‌టన్ యూనివర్సిటీ పరిశోధకులు రెండు పెద్ద ఆపరేటర్లు కొత్త కస్టమర్లకి చూపిస్తున్న నంబర్లలోంచి 259 తీసుకుని పరిశీలించారు. వాటిలో 171 నంబర్లకి పేరున్న వెబ్‌సైట్లలో అప్పటికే అకౌంట్లు ఉన్నాయి. అంటే ప్రతి మూడింటిలో దాదాపు రెండు! ఆ నంబర్ కొనుక్కున్న వాడు ఓటీపీ తెప్పించుకుంటే చాలు. హ్యాకింగ్ అక్కర్లేదు, దుకాణానికి వెళ్లి సిమ్ కొనుక్కుంటే సరిపోతుంది.

అద్దె ఇల్లు ఖాళీ చేసేటప్పుడు తాళం మార్చుకోవాల్సింది కొత్తగా వచ్చినవాళ్లా, ఓనరా, వెళ్లిపోయినవాళ్లా? ఇళ్ల విషయంలో దీనికి ఏదో ఒక పద్ధతి ఉంది. నంబర్ల విషయంలో మాత్రం అందరూ పక్కవాడి వైపు వేలు చూపిస్తున్నారు.

లిస్ట్ ఉంది, చూసేవాళ్లే తక్కువ

నిజం చెప్పాలంటే మన దేశం చేతులు ముడుచుకుని కూర్చోలేదు. ఆపేసిన నంబర్ల జాబితా ఒకటి ఉంది, దాని పేరు మొబైల్ నంబర్ రివొకేషన్ లిస్ట్. బ్యాంకులు దీన్ని చూసుకుని పాత నంబర్లు తీసేయాలి. 2025 జనవరిలో రిజర్వ్ బ్యాంక్ ఈ జాబితాని వాడమని బ్యాంకులకి చెప్పింది. యూపీఐ విషయంలో కనీసం వారానికోసారి దీంతో డేటా సరిచూసుకోవాలని ఎన్‌పీసీఐ చెప్పింది, 2025 ఏప్రిల్ నుంచి అది అమల్లోకి వచ్చింది.

అమెరికాలో 2021 నవంబర్ నుంచి రీఅసైన్డ్ నంబర్స్ డేటాబేస్ నడుస్తోంది. కంపెనీ ఒక నంబర్, ఒక తేదీ ఇచ్చి అడుగుతుంది: ఈ తేదీ తర్వాత ఈ నంబర్ చేతులు మారే అవకాశం ఉందా? జవాబు అవును, కాదు, డేటా లేదు.. అంతే. పాత ఓనర్ వివరాలేవీ బయటికి రావు. ఐడియా బాగుంది. కానీ దాన్ని పెట్టింది అడగని కాల్స్ తగ్గించడానికి, వాటి మీద పడే కేసుల నుంచి కాల్స్ చేసే కంపెనీలని కాపాడ్డానికి. వాడుకునేది డబ్బు కట్టే కంపెనీలు. సిమ్ కొనుక్కునే మామూలు మనిషి కోసం కాదు.

రెండు దేశాల్లోనూ లోటు ఇదే. కంపెనీకి కంపెనీ చెప్పుకునే ఏర్పాటు ఉంది. నంబర్ వదిలేసిన వాడికి గానీ, కొత్తగా తీసుకున్న వాడికి గానీ ఎవరూ ఏమీ చెప్పరు.

2023 నవంబర్‌లో ఈ విషయం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 90 రోజుల దాకా ఎవరికీ ఇవ్వం అని ట్రాయ్ చెప్పింది. వాట్సాప్ కూడా 45 రోజులు వాడని అకౌంట్ వేరే ఫోన్‌లో యాక్టివేట్ అయితే పాత డేటా తీసేస్తుంది. ఇవన్నీ చూసి, నంబర్ వదిలేసేవాళ్లే తమ డేటా జాగ్రత్త చూసుకోవాలని కోర్టు కేసు ముగించింది.

చట్టం లెక్కలో అది సరే కావచ్చు. కానీ సిమ్‌ని ఎవరు వదిలేస్తారో ఓసారి ఆలోచించండి. దుబాయ్ వెళ్లిన కూలీ, నెల నెలా రీచార్జ్ భరించలేని పెద్దాయన, ఫోన్ పోగొట్టుకున్న వాళ్లు, చనిపోయిన వాళ్లు. వీళ్లలో ఎంతమంది ముందే కూర్చుని పాతిక అకౌంట్లలో నంబర్ మార్చుకుంటారు? టెక్ గురించి రోజూ రాసే నాకే నా నంబర్ ఎన్ని చోట్ల ఉందో తెలియదు.

మరి ఏం చేయాలి?

నా డిమాండ్లు మూడే.

ఒకటి, సిమ్ ఇచ్చేటప్పుడే ఈ నంబర్ కొత్తదా, ఇంతకుముందు ఎవరైనా వాడారా, వాడితే ఎప్పటిదాకా అన్నది చెప్పాలి. పాత ఓనర్ పేరు అక్కర్లేదు, నెల, ఏడాది చాలు. ఈ డేటా ఆపరేటర్ దగ్గర ఎలాగూ ఉంటుంది. ఇష్టం లేనివాడు వేరే నంబర్ అడుగుతాడు. ఫ్యాన్సీ నంబర్లకి ప్రత్యేకంగా పేజీ పెట్టి డబ్బు తీసుకోవడం తెలిసినవాళ్లకి ఈ ఒక్క లైన్ చూపించడం కష్టమేం కాదు.

రెండు, కొత్తగా నంబర్ తీసుకున్న వాడు పాత లింకుల్ని ఒకేచోట తెంపేసుకునే వీలుండాలి. ఇది ఊహ కాదు. చైనాలో ప్రభుత్వ పరిశోధన సంస్థ ఒకటి టెలికాం కంపెనీలతో కలిసి సరిగ్గా ఇలాంటి సర్వీసే నడుపుతోంది. మీకు వచ్చింది పాత నంబరైతే, దానికి లింక్ అయి ఉన్న యాప్‌ల నుంచి విడగొట్టమని అడగొచ్చు. మన దగ్గర సంచార్ సాథీ ఉంది కదా అంటారేమో. అది మన పేరు మీద ఎన్ని సిమ్‌లు ఉన్నాయో చెప్తుంది. దాని వెనకున్న టాఫ్‌కాప్ పోర్టల్ 2021లో మొదట మన ఆంధ్రప్రదేశ్ సర్కిల్‌లోనే మొదలైంది కూడా. చాలా మంచి పని. కానీ ఇప్పుడు కావాల్సింది దానికి రెండో వైపు: మన నంబర్ మీద ఎన్ని అకౌంట్లు ఉన్నాయి?

మూడు, నంబర్ ఆపేసే ముందు పాత కస్టమర్‌కి మెసేజ్ పంపితే సరిపోదు. ఆయన దేశంలోనే లేకపోతే అది ఎవరు చదువుతారు? సిమ్ తీసుకునేటప్పుడే ఇంకో నంబరో, మెయిలో తీసుకుని దానికి కూడా చెప్పాలి.

దీనికి ఒక అభ్యంతరం వస్తుంది, అదీ న్యాయమైనదే. ఏ నంబర్ మీద ఏ అకౌంట్లు ఉన్నాయో ఒకేచోట చూపిస్తే దొంగలకి కూడా పండగే కదా? నిజమే. అందుకే లిస్ట్ చూపించమని నేను అడగడం లేదు. ఈ నంబర్ ఫలానా తేదీ నుంచి నాది, అంతకుముందువి తీసేయండి అని చెప్పే ఒక్క బటన్ చాలు. ఎవరి పేరూ, ఏ అకౌంటూ కనిపించాల్సిన పని లేదు. తేదీ సరిచూసే పని ఆపరేటర్ చేస్తాడు.

అప్పటిదాకా మనం చేసుకోవాల్సినవి

సిమ్ మార్చే ఆలోచన ఉంటే ముందు బ్యాంకు, తర్వాత మెయిల్, ఆ తర్వాత మిగిలినవి అనే వరసలో నంబర్ మార్చుకోండి. మెయిల్‌కి రికవరీ నంబర్‌గా పాత నంబర్ ఉండిపోతే మిగతావన్నీ మార్చినా లాభం లేదు. వాట్సాప్‌లో చేంజ్ నంబర్ ఆప్షన్ వాడండి, ఊరికే కొత్త నంబర్‌తో మొదలుపెట్టొద్దు. ఎక్కడ వీలైతే అక్కడ మెసేజ్ ఓటీపీ బదులు అథెంటికేటర్ యాప్ గానీ, పాస్‌కీ గానీ పెట్టుకోండి. అవి నంబర్‌తో పాటు వేరేవాళ్లకి వెళ్లిపోవు.

విదేశాలకి వెళ్లేవాళ్లు ఇక్కడి సిమ్‌ని ఈసిమ్‌గా మార్చుకుని ఫోన్‌లో ఉంచుకోండి, గడువు లోపల రీచార్జ్ చేయండి. ఎన్ఆర్ఈ, ఎన్ఆర్ఓ అకౌంట్లు ఉన్నవాళ్లకి అమెరికా, బ్రిటన్, యూఏఈ, సౌదీ సహా 10 దేశాల నంబర్లతో యూపీఐ వాడుకోవచ్చని ఎన్‌పీసీఐ 2023 జనవరిలోనే చెప్పింది. మీ బ్యాంకులో ఉందేమో అడగండి.

కొత్త సిమ్ తీసుకున్నవాళ్లు మొదటి వారం వచ్చే మెసేజ్‌లు కాస్త చూడండి. ఎవరివో బ్యాంకు మెసేజ్‌లు వస్తుంటే ఆ బ్యాంకు కస్టమర్ కేర్‌కి చెప్పండి. మీరు చెప్పకపోతే ఆ అకౌంట్ ఓనర్‌కి తెలిసే దారే లేదు.

నా సంగతికొస్తే, ఆ పెద్దావిడ ద్వారా వాళ్లబ్బాయితో మాట్లాడా. నంబర్ మార్చుకోవాలంటే బ్రాంచికి రావాల్సిందేనని బ్యాంకు వాళ్లు చెప్పారట. ఆయనకి సెలవు దొరకడానికి ఇంకా ఏడు నెలలు. నాకు ఈ సిమ్‌తో పని అయిపోయింది, తీసి పక్కన పడేద్దామనుకున్నా. కానీ నేను వదిలేస్తే ఇది మళ్లీ పుట్టింటికి వెళ్తుంది, అక్కడి నుంచి ఇంకొకరి చేతికి. ఆ ఇంకొకరు ఎలాంటివాళ్లో మనకేం తెలుసు?

అందుకని ఏడు నెలలు నేనే రీచార్జ్ చేశా. ఆయన ఊరికి వచ్చి, బ్యాంకుకి వెళ్లి, "అన్నా, మార్చిన" అని ఫోన్ చేశాకే ఆ సిమ్ తీశా. ఎవరి నంబర్‌కో నేను కాపలా కాయడం బాగానే ఉంది. ఇప్పుడు నా పాత నంబర్లు ఎవరి దగ్గర ఉన్నాయో అన్నదే నా ఆలోచన.